ఏది అయింది?

మే 6

గోడ పగలగొట్టి తెచ్చారు దాన్ని. తలుపులోంచి పట్టలేదట. నేను ఆరబెట్టే గదికీ, బావ ముద్ద చేసే గదికీ మధ్య ఉన్న గోడ, ఆ గోడలో కిటికీ, కిటికీకి ఉన్న జారుడు తలుపు, అన్నీ పోయాయి. పెళ్ళయిన కొత్తలో ఆ కిటికీలోంచే కదా బావ నన్ను చూసి కళ్ళెగరేసేవాడు. మాస్కు వెనకాల నవ్వుతున్నాడో లేదో కళ్ళని బట్టి చెప్పేసేదాన్ని. ఇప్పుడక్కడ ఇటుకల గుట్ట.

మెషిన్ మాత్రం భలే ఉంది, ఒప్పుకోవాల్సిందే. ఇంత పెద్ద గంగాళం, దానికో మూత. పొడులు అందులోనే కలుస్తాయట. జిగురునీళ్ళు పోస్తే అందులోనే ముద్దవుతాయట. ఆ తర్వాత లోపలి గాలి లాగేసి గోడలు వేడి చేస్తే అందులోనే ఆరిపోతాయట. అప్పుడు కింది తలుపు తెరిస్తే మాత్రలు కొట్టడానికి రవ్వ తయారు. మూడు గదుల పని ఒక్క కడుపులో. మిక్సింగ్ తాత దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "నా రిటైర్మెంటు దగ్గరికొచ్చింది, బతికిపోయాను" అన్నాడు.

అందరూ అప్పుడే దాన్ని గంగాళం అనేస్తున్నారు. అసలు పేరు ఎవరికి నోరు తిరుగుతుంది?

మే 9

మేనేజర్ అందరినీ నిలబెట్టి చెప్పాడు. గంగాళానికి ఒక్క ఆపరేటర్ చాలట. మాదెలాగూ ఒంటి షిఫ్టు. తాత వెళ్ళిపోతాడు, మిగిలింది నేనూ బావా. ఒకరు గంగాళం దగ్గర, ఇంకొకరు ప్యాకింగ్ హాల్లో. ట్రయల్ బ్యాచులు మా ఇద్దరి చేతా చేయించి, చూసి, అప్పుడు తేలుస్తాడట.

"ఎవరికిచ్చినా ఒకే ఇంటికి కదమ్మా, పేచీ ఏముంది!" అని తన జోకుకి తనే నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో నాకే తెలీదు, ఒళ్ళు మండుతూనే ఉంది. ఇల్లు ఒకటైతే చేతులు కూడా ఒకటేనా?

బస్సులో బావే ఎత్తాడు ఆ మాట. "నువ్వే ఉండు మరదలా దాని దగ్గర. ఆ తెర మీద గీతలూ అంకెలూ చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు. నేను హాయిగా ప్యాకింగ్‌లో ఆడవాళ్ళతో కబుర్లు చెప్పుకుంటా."

"చెప్పుకుంటావు. కాళ్ళు విరగ్గొడతా" అన్నాను.

ముందు సీటు ఆవిడ వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు. బావ మంచివాడు. ఊరికే అనుకోవడం కాదు, నిజంగానే మంచివాడు.

మే 12

నాకు కావాలి అది. ఇక్కడ రాసుకుంటే తప్పేంటి, ఎవరు చూడొచ్చారు గనక.

ఇన్నేళ్ళూ నాకు సగం పనే వచ్చింది. కిటికీ తలుపు జరిపితే బావ చేసిన ముద్ద వచ్చేది, బాగుంటే బాగున్నట్టు, లేకపోతే లేనట్టు. నీళ్ళెక్కువై జావలా వచ్చినా నోరు మూసుకుని ట్రేలలో పరిచి ఆరబెట్టాల్సిందే. రవ్వ బాగుంటే "ముద్ద బాగా కుదిరింది" అనేవాళ్ళు, బాగోకపోతే "సరిగ్గా ఆరలేదు" అనేవాళ్ళు. ఇప్పుడా పొడి పోసిన దగ్గర్నుంచి రవ్వ దింపేదాకా ఒక్క చెయ్యే. ఆ చెయ్యి నాదైతే బాగుండునని ఉంది. మొదలూ నాదే, చివరా నాదే. బాగా కుదిరితే ఆ పేరు నాదే, చెడితే ఆ తప్పూ నాదే.

ప్యాకింగ్ అంటే తప్పని కాదు. తలకి ఆ వల టోపీ పెట్టుకుని, బెల్టు మీద వచ్చే మాత్రల పట్టీలు తీసి డబ్బాల్లో పెట్టడం. తీసి పెట్టు, తీసి పెట్టు. అక్కడ కూర్చుంటే నేను మనిషిగా ఉండను. ఇది బావకి కూడా చెప్పలేదు. చెప్పకపోయినా తెలుసు, తెలీకపోతే బస్సులో ఆ మాట ఎందుకంటాడు?

మే 15

మెషిన్ కంపెనీ నుంచి ఇంజినీరు వచ్చాడు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. ప్రతి మాటకీ "అండీ" తగిలిస్తాడు, ఆఖరికి మెషిన్‌ని కూడా "ఈవిడ వేడెక్కుతుందండీ" అంటాడు.

ట్రయల్స్‌కి ఇద్దరు కావాలట. ఒకరు మెట్టెక్కి గంగాళం అద్దంలోంచి లోపల చూస్తూ చెప్పాలి. ఇంకొకరు వెనకాల తెర దగ్గర బటన్లు నొక్కాలి, కింది తలుపు మీట జరపాలి. ఒకళ్ళకొకళ్ళు కనపడరు, మాస్కులు, మెషిన్ మోత. అంచేత మాట గట్టిగా, దేనికది తేడాగా ఉండాలన్నాడు.

ఇక్కడే వచ్చింది తంటా. మాకు ఇన్నేళ్ళూ ఒకటే మాట. బావ ముద్ద కుదరగానే కిటికీలోంచి "అయింది!" అని అరిచేవాడు. నేను తలుపు జరిపేదాన్ని, ముద్ద నా వైపు పడేది. అది ఆరాక నేను "అయింది!" అనేదాన్ని, జల్లెడ వాళ్ళు వచ్చి పట్టుకుపోయేవాళ్ళు. ఇంట్లోనూ అదే. వంట అయింది, స్నానం అయింది, కోపం అయింది. మా ఇంట్లో అన్నిటికీ అదే మాట.

ఇంజినీరుకి చెబితే నవ్వి, "అమ్మో, ఆ మాట ఇక్కడ పనికిరాదండీ. ఏది అయిందని?" అన్నాడు. వన్, టూ, త్రీ అనండన్నాడు. నేనే అన్నాను, అంకెలెందుకు, కలిసింది, ముద్దయింది, ఆరింది అందాం, పొరపాటు పడే ప్రసక్తే ఉండదని. బాగుందన్నాడు. బావ కూడా తలూపాడు. ముచ్చటగా నేను పెట్టిన మాటలు మెషిన్ పక్కన కాగితం మీద రాసి అంటించారు.

మే 18

ఇంట్లో ప్రాక్టీసు. బావ గ్లాసులో పంచదార తిప్పి "కలిసింది!" అని అరిచాడు. నేను పొయ్యి దగ్గర్నుంచి "విన్నాను!" అన్నాను. బట్టలు తీస్తూ నేను "ఆరింది!" అన్నాను, బావ సెల్యూట్ కొట్టాడు.

అత్తకి చిర్రెత్తుకొచ్చింది. అత్తంటే నా మేనత్తే, నాన్న అక్క, నోటికి అడ్డూ ఆపూ లేదు. "ఏమిటర్రా ఈ గోల, మీకేమైనా గాలి సోకిందా?" అంది. తర్వాత తనే పళ్ళెంలో పిడికెడు కలిపి బావ నోటి ముందు పెట్టి "ఇదిగో, ముద్దయింది, మింగు" అంది. కడుపు చెక్కలయ్యేలా నవ్వాం.

హాస్టల్ నుంచి అమ్మాయి ఫోన్ చేస్తే దానికీ చెప్పాడు బావ. "మీ అమ్మకే ఆ సీటు, రాసి పెట్టుకో" అన్నాడు. పక్కనే ఉండి విన్నాను.

మే 21

మొదటి ట్రయల్. బావ తెర దగ్గర, నేను మెట్టు మీద. కలిసింది. ముద్దయింది. ఆరింది. ఎక్కడా తడబడలేదు. రవ్వ కొంచెం ముతకగా వచ్చింది, ఫరవాలేదన్నారు.

మే 24

రెండో ట్రయల్. ఇవాళ నేను తెర దగ్గర, బావ మెట్టు మీద. బావ గొంతు ఖణీమని వినిపించింది, కలిసింది అని, ముద్దయింది అని. ఆరబెట్టడం మొదలుపెట్టాక మాత్రం నేను వేడి తగ్గించి గంగాళాన్ని నెమ్మదిగా ఊపాను. తెర మీద చెప్పింది అలా లేదు, నాకే అలా చెయ్యాలనిపించింది. రవ్వ దింపితే జలజలా రాలింది. ఇంజినీరు గుప్పెట్లోకి తీసుకుని "ఈవిడ చెప్పిన మాట వింటోందండీ మీకు" అన్నాడు.

మేనేజర్ వాచీ చూసుకుంటూనే రెండుసార్లు తలూపాడు. ఆయన తలూపడమంటే మాటలా?

బావ పొద్దుపోయేదాకా ఎక్కువ మాట్లాడలేదు. మెట్టు మీద నిలబడి మెడ పట్టేసిందన్నాడు. నూనె రాశాను.

మే 27

రేపే మూడోది, చివరిది. పెద్దవాళ్ళందరూ వచ్చి చూస్తారట. రేపు కూడా నేనే తెర దగ్గర.

మధ్యాహ్నం బావ ఇంజినీరుతో అన్నాడు: "ఆరబెట్టడంలో ఆవిడ చెయ్యి వేరండీ. ఆటోమేటిక్‌లో పెడితే ఆ చెయ్యి ఎలా తెలుస్తుంది? రేపు మొత్తం మాన్యువల్‌లో పెట్టండి, ఆవిడ ఇష్టానికి వదిలెయ్యండి." నా ముందే అన్నాడు. అందరి ముందూ అన్నాడు. ఇంజినీరు సరేనన్నాడు.

నేను అటు తిరిగిపోయాను, కళ్ళల్లో నీళ్ళు కనపడతాయని. అంత మంది మధ్య ఇంత మాట అన్న మొగుడు ఎవరికుంటాడు? వచ్చేటప్పుడు బస్సులో బావ భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయాను. నలుగురూ చూస్తారని కూడా అనుకోలేదు.

మే 28

రాయలేను.

మే 29

తప్పు నాదే.

మే 30

తప్పు నాదే. రాస్తే ఊరట అంటారు కాబట్టి రాస్తున్నా.

కలిసింది అన్నాడు. జిగురునీళ్ళు పోశాను. గంగాళం మూలిగింది, ముద్ద బరువెక్కుతోందని తెలుస్తోంది. వెనకాల మేనేజర్, ఇద్దరు క్వాలిటీ వాళ్ళు, చెప్పులకి కవర్లు తొడుక్కున్న పెద్దాయనొకడు. నేను చెవి రిక్కించుకుని ఉన్నాను, ముద్దయింది అనగానే ఆరబెట్టే బటన్ నొక్కాలి.

"అయింది!"

అచ్చం కిటికీలోంచి అరిచినట్టు. అదే గొంతు, చివర్న అదే సాగదీత. నా చెయ్యి దానంతటదే వెళ్ళింది. ఆలోచించి చేసింది కాదు, బుర్రకి తెలిసేలోపు చెయ్యి మీట జరిపేసింది. జరిపింది కిటికీ తలుపనే అనుకుంది ఆ చెయ్యి. అది గంగాళం కింది తలుపు.

తడి ముద్ద ధబ్బున పడింది. డబ్బాలో సగం, నేల మీద సగం, పెద్దాయన చెప్పుల కవర్ల మీద కొంచెం. బ్యాచంతా పోయింది. పెద్దాయన వంగి ఆ కవర్లు విప్పుకున్నాడు.

తర్వాత ఆఫీసులో మేనేజర్ అడిగాడు, "ఆయన ఏమన్నారు?" బావే చెప్పాడు. "అయింది అన్నానండీ. ముద్ద అయిందని." "తలుపు తియ్యమన్నారా?" "లేదండీ." అబద్ధం ఒక్కటి కూడా లేదు అందులో. నన్ను అడిగితే "అలవాటండీ" అన్నాను. ఆ మాటకి క్వాలిటీ ఆయన నవ్వాపుకున్నాడు.

బావ కూడా అలవాటులోనే అన్నాడు. అంత మంది ఉంటే ఎవరికైనా కంగారు పుడుతుంది. నోరు జారింది. నోరు జారితే ఏమీ కాలేదు, చెయ్యి జారితేనే అయింది. అంచేత తప్పు నాదే.

జూన్ 2

గంగాళం బావకిచ్చారు. నన్ను ప్యాకింగ్‌కి పంపారు. మేనేజర్ మళ్ళీ అదే జోకు వేశాడు, ఒకే ఇంటికి కదా అని. ఈసారి నేను నవ్వలేదు, అయినా జోకు ఆగలేదు.

ప్యాకింగ్ అక్క నాకు వల టోపీ ఇచ్చి, చెవులు కూడా లోపలికి దోపుకోమంది. "మొదట్లో మెడ లాగుతుంది, తర్వాత మెడ ఉందనే తెలీదు" అంది. మంచి మనిషి. మంచి మనుషుల్ని చూస్తే కూడా ఈమధ్య ఒళ్ళు మండుతోంది.

జూన్ 5

తీసి పెట్టు. తీసి పెట్టు.

జూన్ 9

బావ ఇంటికొచ్చాక కూడా ఆ మాటలే వాడుతున్నాడు. తువ్వాలు తీస్తూ "ఆరింది" అన్నాడు. టీ తిప్పుతూ "కలిసింది" అన్నాడు. ఒక్కసారి కూడా పొరపాటున అయింది అనట్లేదు. గమనించాలని గమనించలేదు, పక్కనే ఉంటే వినపడుతుంది కదా.

మరదలా అని పిలవడం కూడా మానేశాడు. "ఇదిగో" అంటున్నాడు.

అత్త అడిగింది, "ఏమే, మొహం అలా మాడ్చుకుని తిరుగుతున్నావు?" అని. టోపీ బిగుతని చెప్పాను. "ఇంట్లో కూడా టోపీయేనా?" అంది. ఆవిడతో గెలవలేం.

జూన్ 13

ఇవాళ ఇంజినీరు వెళ్ళిపోతున్నాడు, క్యాంటీన్‌లో కనపడ్డాడు. నన్ను చూసి టీ పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పాపం, ఏదో ఓదార్చాలని.

"మీకు అన్యాయం జరిగిందనిపిస్తోందండీ నాకు. రెండో ట్రయల్ రవ్వ లాంటిది నేను మళ్ళీ చూడలేదు."

"కింది తలుపు తీసింది నేనే కదండీ" అన్నాను.

"అదేనండీ నా బాధ. ఆటోమేటిక్‌లో ఉంటే తడి ఉండగా ఆ తలుపు ఛస్తే తెరుచుకోదు. మాన్యువల్‌లో అన్నీ వదిలేస్తుంది. నేను మీకు చెప్పి ఉండాల్సింది. మీవారికి చెప్పాను గానీ."

"ఆయనకెప్పుడు చెప్పారు?"

"ట్రయల్‌కి రెండ్రోజుల ముందండీ. ఆయనే వచ్చి అడిగారు, మాన్యువల్‌లో పెడితే ముద్ద తడిగా ఉన్నా కింది తలుపు తెరుచుకుంటుందా అని. తెరుచుకుంటుందండీ, జాగ్రత్త అన్నాను. చాలా ముందుచూపున్న మనిషండీ మీవారు."

టీ తాగేశాను. కప్పు కడిగి పెట్టాను. వెళ్ళొస్తానండీ అంటే క్షేమంగా వెళ్ళి రండి అన్నాను. హాల్‌కొచ్చి బెల్టు ముందు కూర్చున్నాను. ఎన్ని పట్టీలు తీశానో, ఎన్ని పెట్టానో తెలీదు, ప్యాకింగ్ అక్క రెండుసార్లు డబ్బాలు వెనక్కి పంపింది.

జూన్ 14

అడగలేదు.

ముందుచూపుతో అడిగి ఉంటాడు. నా కోసమే అడిగి ఉంటాడు, నేను పొరపాటు పడకుండా. మరి నాకెందుకు చెప్పలేదు? మర్చిపోయి ఉంటాడు. మర్చిపోయే రకమే. పెళ్ళి రోజు మర్చిపోతాడు, కరెంటు బిల్లు మర్చిపోతాడు.

జూన్ 15

అడగలేదు. ఇవాళ తలనొప్పి.

జూన్ 17

అడిగాను.

సాయంత్రం బావ గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. గంగాళం సీటొచ్చాక బూట్లు మెరవాలి మరి. అత్త లోపల టీవీ చూస్తోంది.

"ఆ రోజు అయింది అని ఎందుకన్నావు బావా?"

"ఎన్నిసార్లు చెప్పాలి, నోరు జారింది."

"నోరు జారే ముందు తలుపు సంగతి ఇంజినీరుని అడిగావట."

చేతిలో బూటు ఆగింది. బ్రష్షు కిందపెట్టి మళ్ళీ తీశాడు. నీళ్ళు నమిలాడు. బావ నీళ్ళు నమిలితే ఎడమ బుగ్గ కొంచెం ఉబ్బుతుంది, చిన్నప్పుడు మా ఇంటికొచ్చి బెల్లం దొంగిలించినప్పుడూ అంతే.

"అయిపోయింది కదా. వదిలెయ్" అన్నాడు.

"ఏది అయింది? సరిగ్గా చెప్పు. కలిసిందా, ముద్దయిందా, ఆరిందా?"

"గట్టిగా అరవకు, అమ్మ వింటుంది."

"వినని."

అప్పుడు అన్నాడు. తల ఎత్తకుండా, బూటుతో మాట్లాడుతున్నట్టు. "నేను ఆ టోపీ పెట్టుకుని ఆ ఆడవాళ్ళ వరసలో డబ్బాలు నింపాలా? జల్లెడ వాళ్ళు రోజూ హాలు అద్దంలోంచి చూసి నవ్వుతారు. నా పెళ్ళాం మెషిన్ నడిపితే నేను పట్టీలు ఏరుకుంటున్నానంటారు. నీకైతే ఎవరూ ఏమీ అనరు. నీకు పెద్ద తేడా ఉండదనుకున్నాను."

"ఉండదనుకున్నావా?"

"కొన్నాళ్ళకి అలవాటవుతుందనుకున్నాను."

"మరి నువ్వే ఉండు మరదలా అన్నావు బస్సులో. అమ్మాయికి ఫోన్‌లో చెప్పావు."

"అన్నాను. అప్పుడు నిజంగానే అన్నాను. రెండో ట్రయల్ చూశాక..." అని ఆపేశాడు.

అంటే నేను బాగా చేశాక. నేను బాగా చెయ్యకపోయి ఉంటే నాకే వదిలేసేవాడు. అదీ సంగతి. కొట్టాలనిపించింది, ఏడవాలనిపించింది, రెండూ చెయ్యలేదు. నాకు అన్నిటికంటే మండుతున్నది గంగాళం కూడా కాదు. ఆ ఒక్క మాటకి నేను ఆలోచించనని బావకి తెలుసు. ప్రపంచంలో ఇంకెవరు అయింది అన్నా నేను ఆగి, ఏది అని అడిగేదాన్ని. బావ అంటే అడగను. అది చూసుకునే అన్నాడు.

లోపల అత్త టీవీ సౌండు పెంచింది.

జూన్ 18

పళ్ళెం పెట్టాను. తిన్నాడు. తీశాను.

జూన్ 20

ప్యాకింగ్ అక్క అంది, మొగుడూ పెళ్ళాం ఒకే బస్సులో వచ్చి చెరో మూల కూర్చుంటున్నారేంటని. బస్సు నిండా జనం కదక్కా అన్నాను.

జూన్ 24

బావ బ్యాచులు తిరిగొస్తున్నాయి. ముద్ద వరకూ వంక పెట్టడానికి లేదు, అది అతని పని. ఆరబెట్టడం దగ్గరే తేడా కొడుతోంది. మాన్యువల్‌లో రవ్వ తడిగా వస్తే మాత్రలు అచ్చుకి అంటుకుపోతున్నాయట, మరీ ఆరితే పొడైపోతోందట. ఆటోమేటిక్‌లో పెట్టినా ఒక్కో బస్తా పొడి ఒక్కోలా ఉంటోంది, ఒకే టైముకి ఆరట్లేదట. ఇవన్నీ నాకు మా హాల్లో వాళ్ళు చెప్పారు. బావ చెప్పలేదు.

సంతోషం వేస్తుందనుకున్నాను. కొంచెం వేసింది. తర్వాత రవ్వ గుర్తొచ్చి బాధేసింది, మంచి పొడి అంతా నేలపాలు.

అత్త నా పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ, ఉన్నట్టుండి "వాడికి కాస్త ఆ ఆరబెట్టడమేదో చెప్పరాదుటే" అంది. నేను ఈనెలు ఏరి పడేస్తున్నాను. కాసేపటికి "పోనీ, చెప్పకు" అంది. అంతకంటే ఏమనగలదు, కొడుకు కదా.

జూన్ 27

ప్యాకింగ్ హాల్లో ఫోన్ మోగింది. అక్క ఎత్తి, నా వైపు పట్టింది. "గంగాళం దగ్గర్నుంచి, మీ ఆయన."

"ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళు" అన్నాడు. గొంతు చిన్నదైపోయింది. "ఈ బ్యాచు కూడా పోతే మేనేజర్ ఊరుకోడు. శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపి వాళ్ళు చెప్పేలోపు మాడిపోతోంది. నువ్వు చూస్తే తెలుస్తుంది. ఒక్కసారి రా మరదలా."

మరదలా అన్నాడు. పని పడింది కదా.

వెళ్ళాను. ఎందుకెళ్ళానంటే బావ కోసం కాదు. మెట్టెక్కి అద్దంలోంచి చూశాను. గంగాళం మెల్లగా ఊగుతోంది. రవ్వ అద్దానికి అంటుకోవడం మానేసి జారిపోతోంది, ఒక్కో గింజా విడివిడిగా. చక్కగా ఉంది. ఇంకొంచెం ఉంచితే చెడిపోతుంది, ఇప్పుడే దింపాలి. మెషిన్ పక్కన నేను పెట్టిన మాటల కాగితం ఇంకా ఉంది, ఒక మూల ఊడి వేలాడుతోంది.

ఆరింది అనొచ్చు. నోటిదాకా వచ్చింది.

"అయింది" అన్నాను.

మెట్టు దిగాను. తెర వెనకాల నుంచి బావ మెడ చాచి చూశాడు. చెయ్యి మీట మీద ఉంది, జరపడు.

"ఏది? ఆరిందా? తలుపు తియ్యనా?"

టోపీ చెవుల మీదకి లాక్కున్నాను.

"ఏది అయింది? సరిగ్గా చెప్పు!"

వచ్చేశాను. వెనకాల ఇంకోసారి అడిగినట్టున్నాడు, మెషిన్ మోతలో కలిసిపోయింది.

నేను అబద్ధం చెప్పలేదు. అక్కడ అబద్ధం ఒక్కటి కూడా లేదు. పూర్వంలాగా నా మాట మీద చెయ్యి వేసి ఉంటే ఆ బ్యాచు బంగారంలా దిగేది. వెయ్యలేకపోయాడు. ల్యాబ్‌కి శాంపిల్ పంపి జవాబు కోసం కూర్చున్నాడట. జవాబొచ్చేసరికి అంతా పొడి. మేనేజర్ కేకలు ప్యాకింగ్ హాల్ దాకా వినిపించాయి.

హాల్లో వాళ్ళందరూ నా మొహంలోకి చూశారు. నేను పట్టీలు తీసి పెడుతూనే ఉన్నాను. చెప్పి వచ్చానా, సాధించి వచ్చానా? ఇక్కడ కూడా రాయలేకపోతున్నాను, నాకే తేలట్లేదు.

జూన్ 28

సెలవు. బావని రేపు ఆఫీసుకి రమ్మన్నారు. ఏం తేలుస్తారో చెప్పలేదు. కొత్త ఆపరేటర్ని బయట్నుంచి తెస్తారని ఒకరు, ఇద్దర్నీ ప్యాకింగ్‌లోనే పడేస్తారని ఒకరు అంటున్నారు. నన్ను మళ్ళీ పిలుస్తారని మాత్రం ఎవరూ అనలేదు.

అత్త గుమ్మంలో కూర్చుని వీధిలోకి చూస్తోంది. బావ స్నానం చేసొచ్చి పళ్ళెం ముందు కూర్చున్నాడు.

"వంట అయిందా?" అన్నాడు.

ఆ మాట బావ నోట విని ఎన్నాళ్ళయింది. నేను అటు తిరిగి గ్లాసులు తుడుచుకుంటున్నాను.

"అయింది" అన్నాను.

పళ్ళెం దగ్గరికి లాక్కున్న చప్పుడు వస్తుందనుకున్నాను. తిరిగి చూశాను. బావ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి, గిన్నె మూత తీసి లోపలికి చూసుకుంటున్నాడు.